కేసు పడ్డాక ఫుట్‌బాల్ కెరీర్: దారి ఎక్కడ ఉంది, ఎక్కడ మూసుకుంటుంది

విశాఖలో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి మీద పోలీసు కేసు పడితే గ్రౌండ్‌లో రెండు మాటలు వినిపిస్తాయి. వీడి ఆట ఇక అయిపోయినట్టేనని కొందరంటారు. ఇంగ్లండ్‌లో జేమీ వార్డీ కాలికి పోలీసు ట్యాగ్ పెట్టుకుని ఆడినవాడేగా, ఛాంపియన్ కాలేదా అని ఇంకొందరంటారు. రెండూ తొందరపాటు మాటలే. నేరం రుజువైనవాడు ఫుట్‌బాల్ ఆడకూడదన్న వాక్యం ఫిఫా రిజిస్ట్రేషన్ నిబంధనల్లో ఎక్కడా లేదు. క్లబ్బులో నమోదయ్యేటప్పుడు ప్రధానంగా చూసేది వయసు, గుర్తింపు, పాత క్లబ్బుతో లెక్క తేలిందా లేదా అన్నదే. అలాగని దారి సాఫీగా ఉందని అనుకోవద్దు. వాయిదా తేదీలు, బెయిలు షరతులు, పాస్‌పోర్టు, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఫారం, ఇవన్నీ మైదానం బయట కాచుకుని ఉంటాయి. చాలామంది కుర్రాళ్ల విషయంలో చెరుపు చేసేది కేసు తీవ్రత కన్నా, ఆ కేసును ఎలా ముగించుకున్నారు, తర్వాత దాని గురించి ఏం రాసి ఇచ్చారు అన్న సంగతే.

బయటి దేశాల కథలు ఎంతవరకు పనికొస్తాయి

వార్డీకి 2007లో దాడి కేసులో శిక్ష పడింది. ఆరు నెలలపాటు సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు దాకా ఇల్లు కదలకూడదు, కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్. అప్పుడు ఆడుతున్నది స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్బులో. దూరపు ఊళ్లలో మ్యాచ్ ఉంటే గంటసేపు ఆడి, మధ్యలోనే బయటికొచ్చి ఇంటికి పరుగెత్తేవాడు. 2012లో లెస్టర్‌కు వెళ్లాడు, 2015లో వరసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు, 2016లో టైటిల్ గెలిచాడు. ఈ కథలో చూడాల్సింది ఆఖరి ఫలితాన్ని కాదు. కోర్టు పెట్టిన గంటలు దాటకుండా ఆడనిచ్చిన క్లబ్బు ఉంది, ఆ షరతును లెక్కలోకి తీసుకుని జట్టును కూర్చిన కోచ్ ఉన్నాడు.

ఇంగ్లండ్‌లోనే ఇంకో ఆటగాడు ట్రాయ్ డీనీకి 2012 జూన్‌లో కొట్లాట కేసులో పది నెలల శిక్ష పడి, మూడు నెలలకు కాస్త ముందే బయటికి వచ్చాడు. వాట్‌ఫర్డ్ క్లబ్బు అతన్ని వదులుకోలేదు. లీ హ్యూజ్‌ది మరో దారి. 2004లో ప్రమాదకరంగా కారు నడిపి ఒకరి మరణానికి కారణమైనందుకు ఆరేళ్ల శిక్ష పడగానే వెస్ట్ బ్రామ్ క్లబ్బు తొలగించింది. 2007లో విడుదలయ్యాక ఓల్డమ్ తీసుకుంది.

స్త్రీల మీద జరిగిన నేరాల దగ్గర లెక్క పూర్తిగా మారుతుంది. బ్రెజిల్ గోల్‌కీపర్ బ్రూనోకు ఒక యువతి హత్య కేసులో 2013లో 22 ఏళ్లకు పైగా శిక్ష పడింది. అప్పీలు తేలకముందే 2017లో బయటికి రాగా బోవా ఎస్పోర్టే క్లబ్బు ఒప్పందం రాసుకుంది. స్పాన్సర్లు వరసపెట్టి తప్పుకున్నారు, ఏప్రిల్ నాటికి అక్కడి సుప్రీంకోర్టు అతన్ని మళ్లీ జైలుకు పంపింది. ఇటలీలో అత్యాచారం కేసులో శిక్ష పడిన బ్రెజిల్ ఆటగాడు రోబినోను 2020లో అక్కడి శాంటోస్ క్లబ్బు తీసుకున్నప్పుడూ అదే జరిగింది. స్పాన్సర్ల ఒత్తిడికి ఒప్పందం ఆగింది, 2024లో అతను జైలుకు వెళ్లాడు. ఆ ఒత్తిడి న్యాయమైనదే. బాధితురాలి కుటుంబం రోజూ టీవీలో చూడాల్సిన ముఖం ఎవరిదన్నది క్లబ్బు వేసుకోవాల్సిన ప్రశ్న.

ఈ కథల్ని విశాఖకు తెచ్చి అతికించడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టం ఉంది. చిన్న శిక్షలు కొన్నేళ్లు గడిచాక చాలా ఉద్యోగాల్లో చెప్పనక్కర్లేదు. పెద్దవాళ్ల కేసుల్లో అలాంటి సాధారణ చట్టం మనకు లేదు. రెండోది, ఇక్కడ ఫుట్‌బాల్ మీద ఇల్లు గడవడమంటే చాలామందికి అర్థం స్పోర్ట్స్ కోటా ఉద్యోగమే. 2020లో జాతీయ స్థాయి ఐ-లీగ్‌లో విశాఖ పేరిట శ్రీనిధి క్లబ్బుకు చోటు దక్కింది గానీ జట్టు హైదరాబాద్ నుంచి ఆడింది. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో, రైల్వే గ్రౌండ్‌లో, పోర్టు స్టేడియంలో చెమటోడ్చే కుర్రాడు చూసేది రైల్వే, నేవీ, పోలీసు, బ్యాంకు కొలువుల వైపు. అందుకే వార్డీకి ఎదురుపడని గుమ్మం ఒకటి మన ఆటగాడికి ఎదురవుతుంది.

కేసు ముగిసే తీరులోనే తేడా

ఎఫ్‌ఐఆర్ అంటే శిక్ష కాదు, ఛార్జిషీటు కూడా శిక్ష కాదు. ఇది తెలిసినవాళ్లు కూడా తడబడేది చిన్న కేసుల్లో. రాత్రి గొడవలోనో, తాగి బండి నడిపినప్పుడో కేసు అవుతుంది. కోర్టు చుట్టూ తిరగడం ఎందుకని, తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తారు. కట్టిన రసీదు చూసి కేసు పోయిందనుకుంటారు. చట్టం దృష్టిలో అది నేరం రుజువైనట్టే. వెయ్యి రూపాయలకు తేలిందనుకున్నది తర్వాత ప్రతి ఫారంలోనూ రాయాల్సిన సంగతిగా మిగులుతుంది.

చిన్న దెబ్బలాట, మామూలు గాయాల కేసు అయితే రాజీకి వీలుంటుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షన్ కింద రాజీ నమోదైతే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. లోక్ అదాలత్‌లో ఎక్కువ కేసులు ఇలాగే ముగుస్తాయి. ఫైన్ కట్టడానికీ, రాజీ పడటానికీ పట్టే సమయంలో పెద్ద తేడా ఉండదు, ఫలితంలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత ఉంటుంది. కత్తీ కర్రా వాడి గాయపరిచిన కేసులో రాజీకి సెక్షన్ ఒప్పుకోదు. ఇరుపక్షాలూ కలిసి అదే సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయించుకోవాలి. గొడవ స్వభావాన్ని బట్టి కోర్టు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు.

నేరం రుజువైనా తొలి తప్పుగా చూసి, ప్రొబేషన్ చట్టం కింద మంచి నడవడిక బాండు మీద వదిలిపెట్టే వీలుంది. 21 ఏళ్లలోపు వాళ్లను జైలుకు పంపితే ఎందుకు పంపుతున్నారో జడ్జి కారణం రాయాలి. ఆ చట్టం 12వ సెక్షన్ శిక్ష వల్ల వచ్చే అనర్హతను తీసేస్తుంది. జరిగిన సంగతిని మాత్రం చెరిపేయదు, ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాన్ని చూడవచ్చు.

కేసు ఎలా ముగిసినా, తీర్పు సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకుని ఉంచుకోవాలి. కోర్టులో పాత రికార్డులను కొన్నేళ్లకు తీసేస్తారు. ప్రతి కేసుకూ కోర్టు రికార్డులో ఉండే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఒకచోట రాసుకోవాలి. ఒక కాపీ స్టేషన్లో ఇచ్చి, అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోవాలి. కోర్టు కొట్టేసిన కేసు స్టేషన్ రికార్డులో పెండింగ్ అనే ఉండిపోయి, మూడేళ్ల తర్వాత వెరిఫికేషన్‌లో తేలడం అరుదేమీ కాదు. రౌడీ షీటు తెరిచి ఉంటే ఇంకా జాగ్రత్త. అది పోలీసుల దగ్గర ఉండే రికార్డు, కోర్టు తీర్పు కాదు. కేసు పోయినంత మాత్రాన షీటు దానంతటదే మూతపడదు. మూసేయమని అధికారులకు విడిగా రాసుకోవాలి, వినకపోతే హైకోర్టుకు వెళ్లాలి.

వాయిదా, సంతకం, మ్యాచ్

బెయిలు వచ్చిన రోజు ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు గానీ ఆ ఉత్తర్వులోని షరతులు ఎవరూ చదవరు. వారంలో ఫలానా రోజు పది నుంచి ఐదు మధ్య స్టేషన్‌లో సంతకం పెట్టాలి, అనుమతి లేకుండా జిల్లా దాటకూడదు, పాస్‌పోర్టు ఉంటే అప్పగించాలి, ఇవి తరచుగా కనిపించేవి. సంతకం ఆదివారం పెట్టమంటే, లోకల్ లీగ్ మ్యాచ్‌లు పడేదీ ఆదివారమే. రౌడీ షీటర్లకు స్టేషన్లలో కౌన్సెలింగ్ పెట్టేదీ సాధారణంగా ఆదివారమే. దీనికి పరిష్కారం సంతకం ఎగ్గొట్టడం కాదు, షరతు మార్చమని అదే కోర్టులో పిటిషన్ వేయడం. దానికి జత చేయాల్సినవి: టోర్నీ షెడ్యూలు, క్లబ్బు లెటర్‌హెడ్ మీద జట్టులో ఉన్నట్టు ఉత్తరం, ప్రయాణ తేదీలు, బస చేసే చిరునామా. మ్యాచ్‌కు రెండు వారాల ముందు వేస్తే ప్రాసిక్యూటర్ అభిప్రాయం వచ్చి ఉత్తర్వు చేతికందే వీలుంటుంది. రెండు రోజుల ముందు వేస్తే అందదు.

వాయిదాల సంగతీ అంతే. ఒక తేదీకి రాలేకపోతే ఆ రోజే లాయరు గైర్హాజరు పిటిషన్ వేయాలి. కోర్టుల్లో ఇప్పటికీ పాత నంబరుతో 317 పిటిషన్ అనే అంటారు, కొత్త సంహితలో అది 355. కేసంతా లాయరు ద్వారా నడిపించుకోవడానికి అనుమతి కావాలంటే 228 కింద అడగాలి. ఏదీ వేయకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు పుడుతుంది. రెండు వందల రూపాయల ఫైనుతో పోయే కేసులో టోర్నీ మధ్యలో కుర్రాణ్ణి పట్టుకుపోయారంటే కారణం సాధారణంగా ఆ వారెంటే. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. కస్టడీలో ఉన్నవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, ఆదాయ పరిమితిలో ఉన్నవాళ్లు ఉచితంగా లాయరును అడగవచ్చు. ఫోన్ నంబరు 15100.

గంజాయి కేసు: విశాఖలో అన్నిటికన్నా లోతైన గుంట

ఏజెన్సీ కొండల నుంచి నర్సీపట్నం మీదుగా గంజాయి సరుకు దిగే దారిలో ఉన్న నగరం ఇది. కాలి చురుకున్న, చేతిలో డబ్బు లేని కుర్రాణ్ణి బండి ముందు పైలటింగ్‌కు పిలవడం కొత్త కాదు. అతనికి చెప్పేది ఒక్కటే: నువ్వు సరుకు ముట్టుకోవు, ముందు బైకు మీద వెళ్లి చెక్‌పోస్టు ఉందో లేదో చెప్పు చాలు. చట్టం అలా చూడదు. మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 29వ సెక్షన్ కింద కుట్రలో ఉన్నవాడికీ అదే శిక్ష. వెనక బండిలో ఎంత ఉందన్నది అతను చూసి ఉండకపోయినా, ఆ బరువే అతని జీవితాన్ని తేలుస్తుంది.

గంజాయికి కిలో లోపు చిన్న పరిమాణం, ఏడాది దాకా శిక్ష. కిలో నుంచి 20 కిలోల దాకా అయితే పదేళ్ల వరకు పడవచ్చు. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం: కనీసం పదేళ్లు, కనీసం లక్ష రూపాయల జరిమానా. ఈ మూడో గడిలో పడితే 37వ సెక్షన్ అడ్డొస్తుంది. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణం కోర్టుకు కనిపిస్తే తప్ప బెయిలు రాదు. ఛార్జిషీటుకు పోలీసులకు మామూలు 90 రోజులకు బదులు 180 రోజులు గడువు. అంటే అంతా సవ్యంగా నడిచినా అడవివరం సెంట్రల్ జైల్లో ఒక సీజన్ మొత్తం కరిగిపోతుంది. 19 ఏళ్ల ఆటగాడికి ఒక సీజన్ అంటే సెలక్షన్, టోర్నీ, వయసు విభాగం మూడూ పోయినట్టే.

గంజాయి తాగి దొరికినవాడి సంగతి వేరు. 27వ సెక్షన్ కింద గంజాయి సేవనానికి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. చిన్న పరిమాణం కేసులో తనంతట తాను చికిత్సకు ఒప్పుకుని దాన్ని పూర్తిచేసిన వ్యసనపరుడికి 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దీన్ని అడిగేవాళ్లు తక్కువ, అడగాల్సినవాళ్లు ఎక్కువ.

ఆటగాడికి ఇందులో రెండో చిక్కు కూడా ఉంది, అది డోపింగ్. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ పోటీ సమయంలో నిషిద్ధం, మూత్రంలో మిల్లీలీటరుకు 150 నానోగ్రాముల పరిమితి. పోటీ బయట, ఆటతో సంబంధం లేకుండా వాడానని రుజువు చేస్తే మూడు నెలల నిషేధం, చికిత్స కార్యక్రమం పూర్తిచేస్తే ఒక నెలకు తగ్గవచ్చు. కోర్టులో కేసు లేనంత మాత్రాన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వదలదు, నాడా నిషేధం ముగిసిందని కోర్టు కేసు ఆగదు. ఒప్పందం ఉన్నవాడికి దెబ్బ ఇంకా గట్టిగా తగలవచ్చు. ఇంగ్లండ్‌లో చెల్సీ క్లబ్బుకు ఆడే అడ్రియన్ ముటు 2004లో కొకైన్‌కు పట్టుబడితే ఆటకు దూరమైంది ఏడు నెలలే. ఒప్పందం చెడగొట్టినందుకు చెల్సీకి కోటీ 71 లక్షల యూరోలకు పైగా కట్టాలని 2008లో ఫిఫా తేల్చింది, క్రీడా న్యాయస్థానం కూడా ఆ తీర్పునే నిలబెట్టింది.

కోర్టు వేరు, ఆట వేరు అన్నది మ్యాచ్ ఫిక్సింగ్‌లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీశాంత్‌ను 2015లో ఢిల్లీ కోర్టు కేసు నుంచి తప్పించినా క్రికెట్ బోర్డు నిషేధం నిలిచింది, సుప్రీంకోర్టు 2019లో జోక్యం చేసుకున్నాకే ఏడేళ్లకు తగ్గింది.

పద్దెనిమిది నిండకముందు జరిగితే

బాలల న్యాయ చట్టం, 2015 ఈ విషయంలో ఉదారమైనది. 24వ సెక్షన్ ప్రకారం బాల్యంలో చేసిన తప్పు వల్ల ఏ అనర్హతా అంటదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డులు తీసేయాలి. 74వ సెక్షన్ పిల్లవాడి పేరు, ఫొటో, బడి బయటపెట్టడాన్ని నేరం చేసింది. కోచ్ గారు వాట్సాప్ గ్రూపులో పెట్టినా తప్పే. దీనికి మినహాయింపు ఒకటుంది. కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరంలో 16 దాటినవాణ్ణి పెద్దవాడిగా విచారించాలని బాలల కోర్టు తేలిస్తే 24వ సెక్షన్ రక్షణ పోతుంది. వాణిజ్య పరిమాణం గంజాయి ఆ గడిలోకే వస్తుంది. పదహారేళ్ల పైలట్ బైకు గురించి ఇంట్లో వాళ్లకు తెలియాల్సింది ఇదే.

అరెస్టు రోజునే వయసు రుజువు, పదో తరగతి సర్టిఫికెట్ లేదా జనన ధ్రువపత్రం, కోర్టు ముందు పెట్టాలి. వయసు దాచి ఆడించిన కుర్రాడికి ఇక్కడ ఇంకో చిక్కు. అండర్-17లో ఆడించడానికి రెండేళ్లు తగ్గించి రాసిన తేదీ కోర్టులో చూపిస్తే, అసలు తేదీ బయటపడి రెండు వైపులా దెబ్బతింటాడు.

అటెస్టేషన్ ఫారం

స్పోర్ట్స్ కోటాలో ట్రయల్స్ గెలిచి, మెడికల్ దాటినవాడు ఆఖరి మెట్టు దగ్గర పడిపోయేది, చేరేముందు తన వివరాలు రాసిచ్చే ఈ కాగితం మీదే. కేంద్ర ప్రభుత్వ సంస్థల ఫారంలో ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి: ఎప్పుడైనా అరెస్టయ్యారా, విచారణ ఎదుర్కొన్నారా, నిర్బంధంలో ఉన్నారా, బైండోవర్ అయ్యారా (గొడవలు చేయనని బాండు రాసిచ్చారా), కోర్టు జరిమానా వేసిందా, శిక్ష పడిందా, ఏదైనా కేసు పెండింగ్‌లో ఉందా. కేసు కొట్టేశారు కదా అని అన్నిటికీ లేదు అని రాసేస్తారు. అరెస్టు జరిగింది, బైండోవర్ జరిగింది, కాబట్టి ఆ రెండు గడుల్లో రాసింది అబద్ధం అవుతుంది.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కుముడిని వివరంగా విప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిల్లర కేసును దాచినా యజమాని మన్నించవచ్చు. తీవ్రమైన కేసును గానీ, పెండింగ్‌లో ఉన్న పలు కేసులను గానీ దాస్తే తీసేయవచ్చు. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, పూర్వాపరాలు చూసి నిర్ణయిస్తారు. సందేహ లాభం మీద విడుదలైతే దాన్నీ బేరీజు వేస్తారు. ఈ తీర్పు చదివితే ఒకటి తేలిగ్గా అర్థమవుతుంది: నిజం రాసినవాడికి వాదించుకోవడానికి కేసు స్వభావం, వయసు, నడవడిక మిగులుతాయి. దాచినవాడి మీద పాత తప్పుకు తోడు కొత్త తప్పు చేరుతుంది.

రాసే తీరు ఇలా ఉండాలి: అవును అని పెట్టి, విడిగా ఒక పేజీ జత చేయాలి. అందులో క్రైం నంబరు, స్టేషన్, సెక్షన్లు, కోర్టు పేరు, కేసు నంబరు, ముగిసిన తేదీ, ఎలా ముగిసిందో ఒక్క వాక్యం, తీర్పు కాపీ. సంజాయిషీలు, కన్నీళ్లు వద్దు. బాల్యంలో జరిగిన కేసును ఇక్కడ రాయాలా వద్దా అన్నది మాత్రం బాలల న్యాయ చట్టం తెలిసిన లాయరును అడిగాకే తేల్చుకోవాలి.

పాస్‌పోర్టు

విదేశీ టోర్నీకో, గల్ఫ్ క్లబ్బు ట్రయల్‌కో పిలుపు వస్తే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసు దగ్గర మొదటి పరీక్ష. పాస్‌పోర్టు చట్టం 6(2) ప్రకారం రెండు సందర్భాలు ముఖ్యం. గత ఐదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే నిరాకరిస్తారు. క్రిమినల్ కోర్టులో కేసు నడుస్తున్నా నిరాకరిస్తారు. ఎఫ్‌ఐఆర్ దశలో ఉన్నది నడుస్తున్న కేసు కింద రాదని, కోర్టు కేసును స్వీకరించాకే ఆ నిబంధన వర్తిస్తుందని 2019లో విదేశాంగ శాఖ స్పష్టం చేసింది.

కేసు నడుస్తుంటే దారి లేదని కాదు. 1993 నాటి నోటిఫికేషన్ ప్రకారం, విదేశానికి వెళ్లనిస్తూ ఆ కోర్టే ఉత్తర్వు ఇస్తే పాస్‌పోర్టు ఇవ్వవచ్చు. ఉత్తర్వులో ఎంత కాలమో రాయకపోతే ఒక్క ఏడాదికే వస్తుంది. కాబట్టి పిటిషన్‌లో ఎన్నేళ్లకు కావాలో స్పష్టంగా అడగమని లాయరుకు చెప్పాలి. దరఖాస్తులో కేసు దాచడం 12వ సెక్షన్ కింద మళ్లీ ఒక నేరం.

తిరిగి ఆడే శరీరం

నాలుగు వారాలు శిక్షణ ఆగితేనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. ఆరు నెలలు ఆగితే కండ, వేగం, మలుపు తిరిగే నేర్పు అన్నీ కిందికి దిగుతాయి. విడుదలైన మర్నాడే ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు మొదలెట్టడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. మెత్తటి ఇసుక పిక్క మీద, మడమ నరం మీద పెట్టే భారాన్ని వాడుకలో లేని కాలు మోయలేదు. ముందు రక్తపరీక్ష, టీబీ పరీక్ష, ఈసీజీ చేయించాలి. మొదటి రెండు వారాలు గట్టి నేల మీద నడక, తేలికపాటి పరుగు, రోజు మార్చి రోజు అరగంట. మూడో వారం నుంచి బంతితో పని, వారానికి రెండుసార్లు తొడ వెనక కండకు నార్డిక్ వ్యాయామం (మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఒకరు పట్టుకోగా మెల్లగా ముందుకు వాలడం), ఐదేసి చొప్పున రెండు మూడు విడతలు. పూర్తి వేగంతో పరుగు ఐదో వారానికి ముందు వద్దు. ఎనిమిదో వారంలో ఇరవై నిమిషాల ప్రాక్టీస్ మ్యాచ్, తర్వాత వారానికి పదిహేను నిమిషాల చొప్పున పెంచుకోవాలి. తొందరపడి మొదటి మ్యాచ్‌లోనే తొడ కండ చిరిగితే ఇంకో రెండు నెలలు పోతాయి. ఏ క్లబ్బూ అంతకాలం ఆగదు.

బూట్లు విప్పాక

ఆట అయ్యాక కోచ్ అవుదామనుకునేవాడు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద వచ్చిన నిబంధనలు, 2020 ప్రకారం పిల్లలతో మెలిగే సంస్థలు, స్పోర్ట్స్ అకాడమీలతో సహా, సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. పిల్లల మీద నేరం రుజువైనవాణ్ణి అకాడమీ గేటు దాటనివ్వకూడదు, ఇందులో రాజీకి చోటు లేదు. పాత కొట్లాట కేసు, కట్టిన ఫైను ఉన్నవాడు మాత్రం ఆ తీర్పు కాపీతో ముందే వెళ్లి అకాడమీ నిర్వాహకులకు చూపించి, ఫైల్లో పెట్టించి, అందినట్టు రాయించుకోవాలి. ఏడాది తర్వాత వెరిఫికేషన్ రిపోర్టులో అదే కేసు వచ్చినప్పుడు ఆ కాగితం అప్పటికే ఫైల్లో ఉంటుంది.